మోడల్ ఆగిపోయిన ఫోన్‌కు ఇన్సూరెన్స్ క్లెయిమ్: ‘పార్టులు లేవు’ అన్న మాట కాగితం మీదికి రావాలి

సర్వీస్ సెంటర్ వాళ్లు ‘ఈ మోడల్ ఆపేశారమ్మా, పార్టులు రావు’ అని ఫోన్ చేతిలో పెట్టి పంపేశారు. ఇన్సూరెన్స్ వాళ్లేమో ‘రిపేరు ఎస్టిమేట్ అప్‌లోడ్ చేయలేదు’ అని క్లెయిమ్ మూసేశారు. ఒకళ్లు రిపేరు కాదంటారు, ఇంకొకళ్లు రిపేరుకు ఎంతవుతుందో రాయించుకు రమ్మంటారు. ఈ రెండు కౌంటర్ల మధ్య నెలన్నర తిరిగిన ఒకావిడ, పగిలిన ఫోన్‌ను చేతిరుమాల్లో చుట్టుకుని మా నెట్ సెంటర్‌కి వచ్చారు. అప్పటికే ‘క్లెయిమ్ పాస్ చేయిస్తా’నన్న ఒకతనికి పదిహేను వందలు ఇచ్చుకున్నారు. అతను చేసిందల్లా అదే ఫారాన్ని అవే కాగితాలతో రెండోసారి పంపడం. రెండోసారీ అదే కారణంతో తిరిగొచ్చింది.

ఇలాంటి వాళ్లు నెలకు ఒకరిద్దరు వస్తూనే ఉన్నారు కాబట్టి, విధానం ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందు చూడాల్సింది మీ దగ్గరున్నది నిజంగా ఇన్సూరెన్సేనా అని. ఫోన్ కొన్నప్పుడు షాపువాళ్లు బిల్లుకు పిన్ చేసి ఇచ్చే కాగితాల్లో సగం ‘ప్రొటెక్షన్ ప్లాన్’, ‘ఎక్స్‌టెండెడ్ వారంటీ’ లాంటివే. ఇన్సూరెన్స్ అయితే కాగితం మీద ఒక బీమా కంపెనీ పేరు, పాలసీ నంబరు లేదా సర్టిఫికెట్ నంబరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎంత మొత్తానికి అన్నవి ఉంటాయి. బీమా కంపెనీ పేరే లేకపోతే అది షాపుకో, ఫోన్ కంపెనీకో, మధ్యలో ఉన్న ఇంకో సంస్థకో మీతో ఉన్న సర్వీసు ఒప్పందం. దానికీ క్లెయిమ్ ఉంటుంది. కానీ గొడవ వస్తే వెళ్లే దారి వేరు. అది కింద చెబుతాను.

క్లెయిమ్ పెట్టడం పెద్ద పనేం కాదు. పాలసీ కాగితం మీదున్న యాప్‌లోనో, టోల్ ఫ్రీ నంబరులోనో చెబితే క్లెయిమ్ నంబరు ఇస్తారు. చాలా పాలసీల్లో 24 గంటల్లోనో 48 గంటల్లోనో చెప్పాలని ఉంటుంది, మీదాంట్లో ఎంతుందో చూసుకోండి. ఊళ్లో లేకనో, ఆసుపత్రిలో ఉండో ఆలస్యమైతే ఎందుకయిందో రెండు ముక్కలు రాసి జతచేయండి. సరైన కారణం ఉన్న నిజమైన క్లెయిమ్‌ను ఆలస్యం అన్న ఒక్క సాకుతో కొట్టేయొద్దని 2011 సెప్టెంబరులోనే బీమా నియంత్రణ సంస్థ కంపెనీలకు సర్క్యులర్ ఇచ్చింది. ఇక జతచేయాల్సినవి బిల్లు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, ఐఎంఈఐ నంబరు, అంటే ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు నంబరు. ఫోన్ వెలుగుతుంటే *#06# నొక్కితే ఐఎంఈఐ కనిపిస్తుంది. వెలక్కపోతే పెట్టె మీద ఉంటుంది, బిల్లు మీదా ఉండాలి. బిల్లు విషయంలో ఒక్క జాగ్రత్త: షాపుల్లో ఇచ్చే ఆ నున్నటి కాగితం ఏడాది తిరిగేసరికి తెల్లబడిపోతుంది. మొన్న ఒకాయన తెచ్చిన బిల్లు మీద షాపు రబ్బరు స్టాంపు ఒక్కటే మిగిలింది, అచ్చంతా ఎగిరిపోయింది. కొన్నరోజే ఫోటో తీసి పెట్టుకోవాలి. తీయకపోతే షాపుకెళ్లి జీఎస్టీ బిల్లు కాపీ అడగండి, వాళ్ల కంప్యూటర్లో ఉంటుంది.

ఇక్కడిదాకా ఎవరైనా చేసుకోగలరు. జనం పడిపోయేది దీని తర్వాతే.

మోడల్ ఆగిపోవడం వేరు, పార్టులు ఆగిపోవడం వేరు. కంపెనీ ఆ ఫోన్ అమ్మడం మానేసింది కాబట్టి మనకు కొత్త ఫోన్ వచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు. బీమా కంపెనీ అలా చూడదు. ఆపిల్‌నే తీసుకోండి. ఒక మోడల్‌ను అమ్మకానికి పంపడం ఆపి 5 ఏళ్లు దాటితే దాన్ని ‘వింటేజ్’ అంటుంది, 7 ఏళ్లు దాటితే ‘ఆబ్సొలీట్’ అంటుంది. అంటే షాపులో దొరకని మోడల్‌కు కూడా సర్వీస్ సెంటర్లో ఏళ్ల తరబడి పార్టులు దొరకొచ్చు. ఎల్‌జీ 2021 ఏప్రిల్‌లో ఏకంగా ఫోన్ల వ్యాపారమే మానేస్తున్నట్టు ప్రకటించింది. ఆ తర్వాత కూడా చేతిలో ఉన్న ఫోన్లకు కొంతకాలం సర్వీసు ఇస్తామనే చెప్పింది. అందుకని ‘నా మోడల్ మార్కెట్లో లేదు’ అని క్లెయిమ్‌లో ఎన్నిసార్లు రాసినా లాభం లేదు. వాళ్లకు కావాల్సింది ఒక్కటే: ఈ ఫోన్ బాగవుతుందా, అయితే ఎంతవుతుంది? బాగవుతుందంటే రిపేరు చేయిస్తారు. కాదంటే, లేదా ఖర్చు పాలసీ మొత్తాన్ని మించిపోతే, ‘టోటల్ లాస్’ కింద వేస్తారు. కొన్ని కంపెనీల కాగితాల్లో దీన్నే ‘బీఈఆర్’ అని, అంటే రిపేరు గిట్టుబాటు కాదని రాస్తారు. డబ్బులైనా ఇంకో ఫోనైనా వచ్చేది ఈ గడిలో పడితేనే.

ఆ గడిలో పడేసేది ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్ ఇచ్చే జాబ్ షీట్, అంటే ఫోన్‌కు ఏమైందో, ఏం చేయాలో వాళ్లు రాసిచ్చే కాగితం. పార్టులు లేవన్న మాట కౌంటర్ దగ్గర కుర్రాడు నోటితో చెబితే చెల్లదు, జాబ్ షీట్ మీద ఉండాలి. వాళ్లు మోసం చేస్తున్నారని కాదు. పార్టు లేకపోతే వాళ్ల కంప్యూటర్లో ఎస్టిమేట్ తయారవదు, ఎస్టిమేట్ లేకపోతే జాబ్ షీట్ ఎందుకులే అని ఊరికే పంపేస్తారు. మనమూ ‘సరేలే’ అని వచ్చేస్తాం. తప్పు జరిగేది ఆ గుమ్మం దగ్గరే.

కాబట్టి ఫోన్ కౌంటర్ మీద పెట్టగానే ‘జాబ్ షీట్ తీయండి, ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఉంది’ అని ముందే చెప్పండి. అందులో నాలుగు విషయాలు చూసుకోండి: ఐఎంఈఐ మీ బిల్లుతో అంకె అంకె కలవాలి, ఏం దెబ్బ తగిలిందో ఉండాలి, ఏ పార్టు మార్చాలో పేరుతో ఉండాలి, ఆ పార్టు దొరకదని, కాబట్టి రిపేరు చేయలేమని ఉండాలి. ఊరికే ‘కస్టమర్ రిటర్న్’ అనో, ‘రిపేరు వద్దన్నారు’ అనో రాసి మూసేస్తే సంతకం పెట్టకండి. ఇందాక చెప్పినావిడ జాబ్ షీట్ మీద సరిగ్గా ఆ రెండో ముక్కే ఉంది. చదువుకోకుండా సంతకం పెట్టేశారు. బీమా కంపెనీ దాన్ని చదివి, రిపేరు వద్దన్నది మీరేగా అంది.

రాసివ్వం అంటారా? గొడవ పడొద్దు, ఫలితం ఉండదు. ఆ సర్వీస్ సెంటర్ ఫోన్ కంపెనీ కింద పనిచేసేది, కాబట్టి నేరుగా కంపెనీ కస్టమర్ కేర్‌కు మెయిల్ పెట్టండి. పెద్ద ఉత్తరం అక్కర్లేదు:

‘నా ఫోన్ మోడల్ ఇది, ఐఎంఈఐ ఇది. ఫలానా తేదీన ఫలానా ఊరి సర్వీస్ సెంటర్లో చూపించాను, జాబ్ షీట్ నంబరు ఇది. డిస్‌ప్లే దొరకదని, రిపేరు వీలు కాదని అక్కడ చెప్పారు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ కోసం ఈ విషయాన్ని దయచేసి రాతపూర్వకంగా ధ్రువీకరించండి. పార్టు దొరికే పనైతే ఎన్ని రోజుల్లో వస్తుందో, ఎంతవుతుందో ఎస్టిమేట్ పంపండి.’

చివరి వాక్యం వదిలేయకండి. ‘పార్టు ఉంది’ అని జవాబొస్తే ఎస్టిమేట్ చేతికొస్తుంది, ‘లేదు’ అని వస్తే టోటల్ లాస్‌కు ఆధారం దొరుకుతుంది. ఏదొచ్చినా క్లెయిమ్ కదులుతుంది. చాట్‌లో అడిగితే ఆ సంభాషణ మొత్తం తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీసుకోండి. వారం పది రోజులకీ జవాబు లేకపోతే 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. తెలుగులో మాట్లాడొచ్చు.

ఇంకో చిక్కు కూడా ఇక్కడే బయటపడుతుంది. వారంటీలో ఉన్నప్పుడు మదర్‌బోర్డు మార్చినా, ఫోన్‌కు ఫోన్ మార్చి ఇచ్చినా చాలాసార్లు ఐఎంఈఐ మారిపోతుంది. బిల్లు మీద పాతది, ఫోన్లో కొత్తది. ‘ఇది మీ ఫోన్ కాదు’ అని తిప్పి పంపుతారు. అప్పట్లో ఇచ్చిన జాబ్ షీట్ మీద రెండు నంబర్లూ ఉంటాయి, అది జత చేస్తే సరిపోతుంది. పారేసుకుంటే అదే సర్వీస్ సెంటర్లో పాత రికార్డు తీయించుకోవాలి. నిజానికి మారిన రోజే బీమా కంపెనీకి చెప్పి పాలసీలో కొత్త నంబరు ఎక్కించుకోవాలి, కానీ ఆ సంగతి మనకు చెప్పేవాళ్లెవరు?

బయట షాపులో మాత్రం విప్పించకండి. మనవాడే, నమ్మకస్తుడే, తక్కువకే చేస్తాడు, అన్నీ నిజమే. కానీ ఒకసారి బయట విప్పిన ఫోన్‌ను ఆథరైజ్డ్ సెంటర్ వాళ్లు చూడగానే గుర్తుపట్టి జాబ్ షీట్ మీద రాసేస్తారు. చాలా పాలసీల్లో అక్కడితో క్లెయిమ్ అయిపోయినట్టే.

సరే, టోటల్ లాస్ అన్నారు. ఎంతొస్తుంది? కొన్న ధర మొత్తం రాదు. మార్కెట్లో ఇవాళ ఆ పాత ఫోన్ ఎంతకు పోతోందన్నదీ, పాలసీలో రాసి ఉంటే తప్ప, లెక్కలోకి రాకూడదు. పాలసీలో రాసుకున్న తరుగు, ఎక్సెస్ (క్లెయిమ్‌లో మీరే భరించాల్సిన వాటా), ఈ రెండే లెక్క. ఉదాహరణకు 20,000కు కొన్న ఫోన్. ఇన్ని నెలలు దాటితే 25 శాతం తరుగు అని పాలసీలో ఉందనుకోండి, 15,000 మిగులుతుంది. ఎక్సెస్ 1,000 అని ఉంటే చేతికొచ్చేది 14,000. మీ శాతాలు వేరేగా ఉంటాయి, లెక్క తీరు ఇదే. ‘మీ మోడల్ ఆగిపోయింది కదా, ఇప్పుడు దాని విలువ ఎనిమిది వేలే’ అని ఫోన్లో ఎవరైనా అంటే, ఆ మాట పాలసీలో ఏ క్లాజులో ఉందో మెయిల్‌లో చెప్పమనండి. చాలాసార్లు ఆ ఒక్క ప్రశ్నకే అంకె మారుతుంది.

డబ్బుకు బదులు ‘సమానమైన మోడల్’ ఇస్తామన్నా ముందు మెయిల్‌లోనే తెప్పించుకోండి: ఏ మోడల్, ర్యామ్ ఎంత, స్టోరేజీ ఎంత, కొత్తదా, రీఫర్బిష్డ్‌దా, వారంటీ ఎన్నాళ్లు, మీ దగ్గర అదనంగా ఏమైనా కట్టించుకుంటారా. ఒప్పుకోవాలా వద్దా అన్నది వాటిని బట్టి.

మీ పాత ఫోన్ వాళ్లకు అప్పగించాలి. అప్పుడు గూగుల్ అకౌంటో, ఐఫోన్ అయితే ‘ఫైండ్ మై’ తాళమో తీసేయకపోతే వెనక్కి పంపుతారు. డిస్‌ప్లే చచ్చిన ఫోన్లో ఎలా తీస్తామని కంగారు పడక్కర్లేదు. ఐఫోన్‌ను వేరే కంప్యూటర్లో మీ అకౌంట్ తెరిచి అక్కడి నుంచే తీసేయొచ్చు. ఆండ్రాయిడ్ అయితే కేబుల్ పెట్టి టీవీకో మౌస్‌కో కలిపే వీలుందేమో చూడండి, లేదంటే సర్వీస్ సెంటర్లోనే అడగండి. పాస్‌వర్డు మాత్రం కాగితం మీద రాసి ఎవరికీ ఇవ్వొద్దు.

డబ్బు వేసేముందు ‘పూర్తి, తుది పరిష్కారంగా అంగీకరిస్తున్నాను’ అనే వోచర్ మీద సంతకం అడుగుతారు. అంకె నచ్చకపోతే ఆ సంగతి అప్పుడే మెయిల్‌లో రాసి పెట్టండి. తెలియక ఇప్పటికే సంతకం పెట్టేసినవాళ్లు కూడా పూర్తిగా ఆశ వదులుకోనక్కర్లేదు. మోసంతోనో, ఒత్తిడితోనో, తప్పుడు మాటలతోనో పెట్టించుకున్నట్టు చూపగలిగితే సంతకం ఉన్నంత మాత్రాన వినియోగదారుడి హక్కు పోదని 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే అది చూపాల్సిన భారం మీదే.

పగిలిన ఫోన్ సంగతి ఇది. దొంగతనమైతే జాబ్ షీట్ ఉండదు, దాని స్థానంలో ఎఫ్‌ఐఆర్ ఉంటుంది. అక్కడ మన భాషే మన కొంప ముంచుతుంది. బస్సులో జేబు కొట్టేసినా, ఆటోలో మరిచిపోయినా, నీళ్లలో పడి చచ్చినా మనకు ‘ఫోన్ పోయింది’. స్టేషన్లో రాసిచ్చే అర్జీలోనూ అలాగే రాస్తాం. దాన్ని చదివిన బీమా కంపెనీ ‘పారేసుకున్నారు, దానికి పాలసీ వర్తించదు’ అంటుంది. నిజంగా దొంగిలిస్తే ‘దొంగిలించారు’ అనే రాయండి. ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎలా తెలిసిందో చెప్పండి. మరిచిపోయిన ఫోన్‌ను దొంగతనమని రాయమని మాత్రం నేను చెప్పను, అది వేరే కేసవుతుంది. ఆన్‌లైన్లో వచ్చే ‘లాస్ట్ రిపోర్ట్’ ఎఫ్‌ఐఆర్ కాదన్నదీ గుర్తుంచుకోండి. ఆ తర్వాత డూప్లికేట్ సిమ్ తీసుకుని, కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్లో, పోయిన ఫోన్లు పనిచేయకుండా ఆపే సీఈఐఆర్‌లో ఫిర్యాదు కాపీ, బిల్లు పెట్టి ఐఎంఈఐ బ్లాక్ చేయించండి. వచ్చే రిక్వెస్ట్ ఐడీని క్లెయిమ్‌కు జత చేయండి. క్లెయిమ్ డబ్బు వచ్చాక పోలీసులు ఫోన్ దొరికిందని పిలిస్తే బీమా కంపెనీకి చెప్పాలి, అది ఇక వాళ్లది.

అన్నీ ఇచ్చినా కాదన్నారంటే ముందు బీమా కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాయాలి. దాంతోపాటు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్లోనో, 155255 నంబరులోనో ఫిర్యాదు పెట్టొచ్చు. నెల దాటినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఫిర్యాదు విని తేల్చే అధికారి బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆఫీసు హైదరాబాద్‌లోనే. కాదన్న తేదీ నుంచి ఏడాది లోపు వెళ్లాలి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, ఆన్‌లైన్లోనూ పంపొచ్చు. మీది ప్రొటెక్షన్ ప్లాన్ అయితే అంబుడ్స్‌మన్ పరిధిలోకి రాదు. అది జిల్లా వినియోగదారుల కమిషన్‌కు, రెండేళ్ల లోపు. చెల్లించిన విలువ 5 లక్షల లోపు ఉన్న కేసులకు అక్కడా ఫీజు లేదు.

‘క్లెయిమ్ స్టేటస్ కోసం’ అని గూగుల్లో కస్టమర్ కేర్ నంబరు వెతకొద్దు. పాలసీ కాగితం మీదున్న నంబరే వాడండి. అవతలివాళ్లు స్క్రీన్ షేర్ యాప్ వేసుకోమన్నా, డబ్బు పడాలంటే పది రూపాయలు పంపమన్నా వెంటనే ఫోన్ కట్ చేయండి. అప్పటికే డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

చేతిరుమాలావిడ సంగతి: కంపెనీకి మెయిల్ పెట్టిన తొమ్మిదో రోజు జవాబొచ్చింది, రెండే రెండు లైన్లు. డిస్‌ప్లే అందుబాటులో లేదు, రిపేరు వీలు కాదు. పాత జాబ్ షీట్, ఈ మెయిల్ కలిపి క్లెయిమ్ తిరిగి తెరిపించాం. తరుగు పోను డబ్బులు పడ్డాయి. మెయిల్ ప్రింటుకు రెండు రూపాయలు తీసుకున్నాను.