హెథెల్‌కు ఉద్యోగానికి వస్తున్న తమ్ముళ్లకు: ముందు లైసెన్స్ సంగతి చూసుకోండి

పోయిన శనివారం ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. ఇంగ్లండ్‌లోని హెథెల్‌లో, లోటస్ కార్ల కంపెనీలో ఇంజనీరుగా చేరి పది నెలలైంది. "ఇండియా లైసెన్స్ మీద ఇంకా రెండు నెలలు నడపొచ్చు కదన్నా, ఇక్కడి పరీక్ష నిదానంగా చూసుకుంటా" అన్నాడు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఒకప్పుడు నేనూ అచ్చంగా ఈ మాటే అనుకుని ఒక చలికాలమంతా అవస్థ పడ్డాను.

బ్యాంకు ఖాతా, అద్దె ఇల్లు, బియ్యం ఎక్కడ దొరుకుతాయి, ఇవన్నీ ఎవరో ఒకరు చెబుతారు. పనిలోకి వెళ్లేటప్పుడు ఉంగరం, వాచీ తీసేసి వెళ్లు, పెయింట్ మీద ఒక్క గీత పడినా బాధ నీదే. స్టేషన్‌లో టికెట్ అడిగేటప్పుడు, స్పెల్లింగ్ ఎలా ఉన్నా, హెథెల్ దగ్గరున్న Wymondham ఊరిని 'విండమ్' అనాలి. నేను చెప్పాల్సింది లైసెన్స్ గురించే.

హెథెల్ అనగానే ఒక పట్నం అనుకోకు. నార్‌ఫోక్‌లో పొలాల మధ్య ఉన్న పాత సైనిక విమానాశ్రయం అది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ల లిబరేటర్ బాంబర్లు అక్కడి నుంచే ఎగిరేవి. 1966లో లోటస్ స్థాపకుడు కోలిన్ చాప్‌మన్ కంపెనీని అక్కడికి తెచ్చాడు. అప్పుడు విమానాలు తిరిగిన దారులే ఇప్పుడు 2.2 మైళ్ల టెస్ట్ ట్రాక్. ఊళ్లకు దూరంగా ఉన్న చోటు కాబట్టి, బస్సులను నమ్ముకుని ఇల్లు తీసుకోవద్దు.

నేను 2013 అక్టోబరులో వచ్చాను. లోటస్ స్పోర్ట్స్ కారు ఎలీస్ ఛాసిస్‌ను మొదటిసారి దగ్గరగా చూసిన రోజు ఇప్పటికీ గుర్తే. అల్యూమినియం భాగాలను వెల్డింగ్ చేయకుండా జిగురుతో అతికించేవారు. 1996లో వచ్చిన మొదటి ఎలీస్ బరువు దాదాపు 725 కిలోలే. ఆ పనిలో పడితే వేరే ధ్యాస ఉండదు. లైసెన్స్ సంగతి మర్చిపోవడానికి అదీ ఒక కారణం. జనవరిలో సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను, ఇండియా లైసెన్స్ మీద నడపడానికి ఇచ్చే పన్నెండు నెలల గడువు ఆ రోజు నుంచే అనుకున్నాను. తప్పు. నువ్వు ఇక్కడ నివాసం మొదలుపెట్టిన రోజు నుంచే లెక్క. ఆ సంగతి తెలిసేసరికి సెప్టెంబరు వచ్చేసింది. అక్టోబరు నుంచి కారు ఇంటి ముందు, నేను సైకిల్ మీద.

విండమ్ నుంచి ఫ్యాక్టరీ నాలుగైదు మైళ్లు. డిసెంబరులో నాలుగు గంటలకే చీకటి. ఆ సన్న దారుల్లో ఫుట్‌పాత్ లేదు, దీపం లేదు, రెండు వైపులా కంచె పొదలు. షుగర్ బీట్ లారీలు రాసుకుంటూ వెళ్లేవి. ఒకసారి పొదలోకి దిగి నిలబడ్డాను, చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మకు ఈ మాట చెప్పలేదు.

అందుకే విను. వీసా ఆరు నెలలకు పైగా ఉంటే వచ్చిన వారంలోనే డీవీఎల్‌ఏ (ఇక్కడ లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైటులో ప్రొవిజనల్ లైసెన్స్‌కు, అంటే మన ఎల్‌ఎల్‌ఆర్ లాంటిదానికి, అప్లై చెయ్. అది తీసుకుంటే ఇండియా లైసెన్స్ పోతుందని కొందరు భయపెడతారు, పోదు. ఏడాది లోపల ఎల్ ప్లేట్లు కూడా అక్కర్లేదు. ఏడాది దాటితే మాత్రం ఎల్ ప్లేట్లు పెట్టాలి, పక్కన 21 ఏళ్లు నిండి, మూడేళ్లుగా లైసెన్స్ ఉన్న మనిషి ఉండాలి. ఒక్కడివే నడిపితే ఇన్సూరెన్స్ పనిచేయదు. మన లైసెన్స్‌ను నేరుగా ఇక్కడి లైసెన్స్‌గా మార్చరు, ఎంత అనుభవం ఉన్నా పరీక్షే. ఈ మాట నా చేత వందసార్లు చెప్పించకండయ్యా.

థియరీలో 50కి 43 రావాలి, ప్రమాదాలు పసిగట్టే వీడియోల్లో 75కి 44. పాసైతే రెండేళ్లు చెల్లుతుంది, కాబట్టి ముందే రాసెయ్. రోడ్డు పరీక్ష తేదీకే నెలల తరబడి ఎదురుచూడాలి. ఆటోమేటిక్‌లో ఇస్తే సులువని మాత్రం అటు పోకు. ఆ లైసెన్స్‌తో గేరు బండి నడపకూడదు. గేరు మార్చడంలోనే ఆనందం ఉందని నమ్మే కంపెనీకి వచ్చి ఆ పని చేస్తావా?

నేను మొదటిసారి తప్పాను. మనకు పదేళ్ల అనుభవం ఉన్నా అద్దాలు చూసే అలవాటు తక్కువ, రౌండబౌట్ దగ్గర దొరికిపోతాం. చిన్న తప్పులు 15 దాకా క్షమిస్తారు, పెద్దది ఒక్కటి చాలు. జనవరి చివర్లో రెండోసారి పాసయ్యాను.

సరే, అంత టెన్షన్ పడకు. రెండు నెలలంటే మరీ తక్కువేం కాదు, వేరేవాళ్లు రద్దు చేసుకున్న పరీక్ష తేదీలు అప్పుడప్పుడు దొరుకుతాయి. మీ సెక్షన్‌లో లిఫ్ట్ అడుగు, నేను అడిగాక ఎవరూ కాదనలేదు. అడగడానికే నాకు ఆరు వారాలు పట్టింది. ఆదివారాలు ప్రాక్టీసుకు పక్కన నేను కూర్చుంటాను. ప్రొవిజనల్ కార్డు చేతికొచ్చాక ఫోన్ చెయ్, అంతకు ముందు చెయ్యొద్దు.