సిరిమానోత్సవం వేదికెక్కి కథ చెప్పబోతున్నారా? ఈ జాగ్రత్తలు చూసుకోండి

దసరా వెళ్లాక వచ్చే మంగళవారమే విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం. ఆ రోజుల్లో కథ చెప్పే అవకాశం వచ్చినవాళ్ల కోసం ఈ నాలుగు ముక్కలు.

- ఉపోద్ఘాతం కోసేయండి. ప్రార్థనకు ఒక్క పద్యం చాలు. పండగ జనం నిలబడే వింటారు. ఎవరికి ఏ ఆపద వచ్చిందో మొదటి రెండు నిమిషాల్లో తెలియకపోతే బజ్జీల బండి వైపు నడుస్తారు. వెళ్లినవాళ్లను వెనక్కి పిలవడం ఎవరి తరమూ కాదు.

- పిట్టకథను ఎక్కడ మొదలుపెడతారో ముందే గుర్తు పెట్టుకోండి. కథ బిగువు మీదున్నప్పుడు ఆపితేనే దానికి విలువ, తర్వాతేమైందన్న ఆత్రం ఉంటుంది కాబట్టి. అసలు కథలోకి తిరిగొచ్చే వాక్యం మాత్రం కంఠతా రావాలి. అక్కడ తడబడితే పిట్టకథే మిగులుతుంది.

- వంత (పక్కన నిలబడి తందాన పలికేవాళ్లు) లేకపోతే ఆ పనీ మీదే. బుర్రకథలో వంతలు ఊరికే తందాన అనరు, వినేవాడి మనసులోని సందేహాన్ని అడిగేస్తారు. ఒక్కరే చెబుతుంటే ఆ ప్రశ్న మీరే వేసి, ఒక్క క్షణం ఆగండి. (ఆ ఆగడమే చాలామందికి చేతకాదు.)

- కాగితం వద్దు. తల దించితే చూపు తెగుతుంది.

- హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసును అనుకరించకండి. 1919లో ఇక్కడ పెట్టిన సంగీత కళాశాలకు తొలి అధ్యక్షుడాయన. పాట, ఆట, పాండిత్యం మూడూ ఆయనకు చెల్లాయి. మనకు వచ్చిన ఒక్కటీ బాగా చేస్తే చాలు.

- పాత్రల మాటలు మన యాసలోనే పలకనివ్వండి, నవ్వించడానికి మాత్రం సాగదీయొద్దు. ముందు వరుసలో ఉన్నదీ ఆ యాసవాళ్లే.

- మైకు పరీక్ష చివరి వరుస నుంచి చేయించండి. పక్క వీధి డీజే ముందు వరుసకు వినపడకపోవచ్చు.

- ఆఖరి వాక్యం ముందే సిద్ధం చేసుకోండి. నిర్వాహకులు ఎప్పుడు చీటీ పంపినా దానికి చేరే దారి ఉండాలి.