పసిబిడ్డకు థైరాయిడ్ మాత్ర ఎట్లా వేయాలి

కొందరు బిడ్డలకు పుట్టుకతోనే థైరాయిడ్ హార్మోను తక్కువగా ఉంటుంది, ఆ జబ్బును రక్తపరీక్షతో కనిపెడతారు. పుట్టగానే ఏ బిడ్డకైనా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే హార్మోను) ఒక్కసారిగా పెరిగి, తర్వాత తగ్గుతుంది. అందుకే మడమ నుంచి రక్తపు చుక్క 48 నుంచి 72 గంటల మధ్య తీయడం మేలు. ఆలోపే డిశ్చార్జి ఇస్తే, పరీక్ష ఎప్పుడు, ఎక్కడ చేయించాలో కాగితం మీద రాయించుకోండి. ఏడవకుండా ఎప్పుడూ నిద్రపోయే బిడ్డను చూసి ఇంట్లోవాళ్లు మురిసిపోతారు గానీ పాలు సరిగ్గా తాగకపోవడం, మలబద్ధకం, బొంగురు ఏడుపు, ఉబ్బిన బొడ్డు కూడా ఉంటే అనుమానించాలి. పసిరికలు రెండు వారాలు దాటినా తగ్గకపోతే పసరు మందుకు కాదు, రక్తపరీక్షకు పోవాలి.

జబ్బు ఖాయమైతే పుట్టిన రెండు వారాల్లోపే మందు మొదలవ్వాలి. మెదడు ఎదుగుదల థైరాయిడ్ హార్మోను మీదే ఆధారపడి ఉంటుంది. ఆ హార్మోనుకు బదులుగా ఇచ్చే మాత్ర లీవోథైరాక్సిన్. దాని మోతాదు మొదట్లో కిలో బరువుకు రోజుకు 10 నుంచి 15 మైక్రోగ్రాములు. మూడు కిలోల బిడ్డకు డాక్టర్ 37.5 రాస్తే, 25 మైక్రోగ్రాముల మాత్ర ఒకటిన్నర అన్నమాట. చాలా ఇళ్లలో తల్లికీ ఇదే మందు ఉంటుంది, ఆమె సీసా మీద 100 అని ఉండొచ్చు. రెండు సీసాలూ ఒకేలా కనిపిస్తాయి. బిడ్డ సీసా మీద మార్కర్‌తో పేరు రాసి వేరే గదిలో పెట్టండి.

ఉగ్గుగిన్నెలో మాత్రను చెంచా వెనక భాగంతో మెత్తగా నూరి, ఒకటి రెండు మిల్లీలీటర్ల తల్లిపాలు లేదా కాచి చల్లార్చిన నీళ్లు కలపండి. వెంటనే సూదిలేని సిరంజితో బుగ్గ లోపలి వైపు కొంచెం కొంచెంగా వదలండి. గిన్నెలో పొడి మిగులుతుంది, ఇంకాస్త నీళ్లు పోసి కడిగి అదీ తాగించండి. పాలసీసాలో మాత్రం కలపొద్దు. బిడ్డ సగం పాలు వదిలేస్తే సగం మందూ పోయినట్టే, ఎంత పోయిందో తెలియదు. పొద్దున నూరి రాత్రికి దాచడం కూడా వద్దు. ఐరన్, క్యాల్షియం చుక్కలకు, సోయా పాలకు ఈ మందుతో కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి, లేదంటే పేగులో మందు ఒంటపట్టదు. వేసిన వెంటనే మొత్తం కక్కేస్తే మళ్లీ ఇవ్వాలా అని డాక్టర్‌ను ముందే అడిగి పెట్టుకోండి. మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే ఆ రోజే వేయండి.

తల్లిగారింటికి పోయేటప్పుడు సీసా, చీటీ సంచిలో మొదట పడాలి, అక్కడ ఎవరు వేస్తారో ఒక్కరికే అప్పజెప్పాలి. ఇద్దరు వేస్తే రెండుసార్లు పడుతుంది, ఎవరూ వేయకపోవడమూ జరుగుతుంది. వరంగల్ ఎండాకాలంలో కిటికీ గూట్లో, పొయ్యి పక్కన పెట్టిన మాత్రకు బలం తగ్గుతుంది. మూత బిగించి, ఇంట్లో చల్లగా, పొడిగా ఉండే చోట ఉంచండి.

మొదలుపెట్టిన ఒకటి రెండు వారాలకు ఒకసారి, తర్వాత డాక్టర్ చెప్పిన గడువుల్లో రక్తం చూపించాలి. ఆ రోజు మాత్ర రక్తం ఇచ్చాకే వేయండి. బరువు పెరిగితే మోతాదు మారుతుంది. చిరాకు, చెమటలు, విరేచనాలు, గుండె వేగంగా కొట్టుకోవడం కనిపిస్తే మోతాదు ఎక్కువై ఉండొచ్చు, సొంతంగా తగ్గించక చూపించండి.

రిపోర్టు నార్మల్ రావడం మందు పనిచేస్తున్నందుకే, అది చూసి ఆపొద్దు. థైరాయిడ్ గ్రంథి ఉండాల్సిన చోటే ఉన్న పిల్లలకు మూడేళ్లు నిండాక డాక్టరే కొన్ని వారాలు మందు ఆపి, మళ్లీ పరీక్షించి చూస్తారు. గ్రంథే లేదని స్కాన్‌లో తేలితే జీవితాంతం వాడాల్సిందే.