ట్రాక్‌బాల్‌ని బాదకండి, తిన్నగా తోయండి

గోల్డెన్ టీ లాంటి ఆర్కేడ్ గోల్ఫ్ మెషిన్ ముందు కొత్తగా నిలబడ్డవాళ్లు దాదాపు అందరూ ఒకటే చేస్తారు. ట్రాక్‌బాల్‌ని (మెషిన్‌లో బిగించి ఉండే, షాట్ కొట్టడానికి చేత్తో దొర్లించే గుండు) కాస్త వెనక్కి లాగి, ఊపిరి బిగబట్టి, అరచేత్తో ఒక్కటి వేస్తారు. స్క్రీన్ మీది గోల్ఫ్ బంతి పోయి చెట్లలో పడుతుంది. బలం చాల్లేదేమో అనుకుని ఈసారి ఇంకా గట్టిగా వేస్తారు, అది ఇంకా లోపలి చెట్లలో పడుతుంది. నేనూ చాలాకాలం ఇలాగే ఆడాను, అరచెయ్యి వాచిందే తప్ప స్కోరు తగ్గలేదు (గోల్ఫ్‌లో తగ్గాలి కదా).

అసలు మీ బలం మెషిన్‌కి తెలీదు. ట్రాక్‌బాల్ కింద ఒకదానికొకటి అడ్డంగా రెండు రోలర్లుంటాయి. ఒకటి ముందూ వెనకల కదలికని, ఇంకోటి కుడి ఎడమల కదలికని పట్టుకుంటుంది. ఒక్కో రోలర్ చివర సన్నటి గాట్లున్న చక్రం, దానికి అటు చిన్న లైటు, ఇటు సెన్సర్. ఎన్ని గాట్లు ఎంత టైములో తిరిగాయన్నదే లెక్క. అంటే గేమ్‌కి అందేది వేగం, దిశ, అంతే. వేగానికి కూడా గేమ్‌లో ఒక పైహద్దు ఉంటుంది, అది దాటాక ఎంత బాదినా బంతి అదనంగా ఒక్క గజం పోదు. కానీ ఆ విసురులో చెయ్యి వంకరపోయిందనుకోండి, ఆ వంకర మాత్రం పూర్తిగా లెక్కలోకి వస్తుంది.

అందుకే ముందు నిలబడే చోటు సరిచేసుకోండి. చాలామంది ట్రాక్‌బాల్‌కి సరిగ్గా ఎదురుగా, మధ్యలో నిలబడతారు. అప్పుడు కుడిచెయ్యి మోచేతి దగ్గర తిరుగుతూ ఎడమవైపుకి అర్ధచంద్రంలా కోస్తుంది, మీరు తిన్నగా తోశామనే అనుకుంటారు. ఒక అడుగు ఎడమకి జరగండి. కుడి భుజం, మోచెయ్యి, మణికట్టు, ట్రాక్‌బాల్ నాలుగూ ఒకే గీత మీదకి రావాలి. ఎడమచేతివాళ్లు కుడికి జరగాలి. ఈ ఒక్క మార్పుతోనే సగం షాట్లు దారిలోకి వస్తాయి, నా మాట నమ్మండి.

ఇప్పుడు లాగడం. మధ్య మూడు వేళ్ల కొసలతో, మెల్లగా, స్క్రీన్ మీద ఆటగాడి క్లబ్ (గోల్ఫ్ కర్ర) పూర్తిగా వెనక్కి వెళ్లేదాకా లాగండి. లాగి వదిలేయకండి. ట్రాక్‌బాల్ బరువైనది, వదిలేస్తే దానంతటదే కాసేపు తిరుగుతూనే ఉంటుంది, అది ఇంకా వెనక్కి తిరుగుతుండగా మీరు ముందుకి తోస్తే రెండూ కొట్లాడుకుని షాట్ తేలిపోతుంది. వేళ్లతో ఆపండి, రెప్పపాటు ఆగండి, తర్వాత అరచేతిలో మణికట్టు దగ్గరి భాగంతో తొయ్యండి. చెయ్యి ట్రాక్‌బాల్ మీదుగా జారుతూ పోవాలి, పైనుంచి కిందకి పడకూడదు. ముందు స్క్రీన్ ఉందన్న సంగతి గుర్తుపెట్టుకోండి, వేళ్లు దానికి తగిలించుకున్నవాళ్లు తక్కువేం కాదు. ట్రాక్‌బాల్‌కి, దాని చుట్టూ ఉన్న అంచుకి మధ్య సందులో చర్మం నలిగితే ఆ రోజుకి ఆట అయిపోయినట్టే.

తిన్నని షాట్ చేతికి వచ్చాకే వంకర షాట్ల జోలికి వెళ్లండి. గోల్డెన్ టీ ఆడేవాళ్లు వెనక్కి లాగే దిశని ఎడమ నుంచి కుడికి ఏ, బీ, సీ అనీ, ముందుకి తోసే దిశని 1, 2, 3 అనీ అంటారు. తిన్నగా లాగి తిన్నగా తోస్తే బీ-2. సీ-1 అంటే కుడి మూలకి లాగి ఎడమ మూలకి తోయడం. ఏది బంతిని ఎంత వంచుతుందో బట్టీ పట్టొద్దు, చేతికే నేర్పాలి. విశాలంగా ఉన్న హోల్‌లో ఒకే క్లబ్ పెట్టుకుని, తిన్నగా లాగుతూ తోసే దిశ ఒక్కటే మార్చి చూడండి. తర్వాత తోసేది తిన్నగా ఉంచి లాగే దిశ మార్చండి. రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల ఏమైందో ఎప్పటికీ తేలదు.

దూరం తగ్గించాలంటే చిన్న క్లబ్ (బంతిని తక్కువ దూరం పంపేది) తీసుకుని మామూలుగానే తొయ్యండి. పెద్ద క్లబ్‌తో సగం వేగం అంటే ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది, టెన్షన్‌లో అయితే మరీను. పుటింగ్‌కి (బంతిని గుంటలోకి దొర్లించే చిన్న షాట్‌కి) మాత్రం ఈ సలహా పనికిరాదు, అక్కడ వేగమే ఆట. మణికట్టు కదపకుండా రెండు వేళ్లతో తొయ్యండి, ట్రాక్‌బాల్ మీద వేళ్లు ఎంత దూరం జరిగాయో చూసుకోండి. ఒక అంగుళానికి బంతి ఎంత పోయింది, రెండు అంగుళాలకి ఎంత పోయింది అన్నది చేతికి అలవాటవుతుంది.

ఇంకొకటి, కాయిన్ వేసే ముందే ట్రాక్‌బాల్‌ని నాలుగు వైపులా తిప్పి వదలండి. ఎటు తిప్పినా ఒకేలా, చప్పుడు లేకుండా, నెమ్మదిగా ఆగాలి. ఒకవైపు మాత్రం పట్టేస్తున్నా, గరగరమంటున్నా రోలర్ల మీద మురికి పేరుకున్నట్టే, పక్క మెషిన్ చూసుకోండి. అరచేతికి చెమట ఉంటే తుడుచుకుని మొదలుపెట్టండి, తడి చెయ్యి ట్రాక్‌బాల్ మీద జారిపోతుంది, అది సగమే తిరుగుతుంది.