ఒక పరిశోధకుడి పేపర్లు, సైటేషన్లు సరిగ్గా లెక్కపెట్టడం ఎలా?

మెదడుకూ ఆలోచనకూ ఉన్న సంబంధాన్ని చదివే కాగ్నిటివ్ న్యూరోసైన్స్‌లో పీహెచ్‌డీ చేయాలని మన శ్రీకాకుళం, విజయనగరం పిల్లలు గైడ్‌ల గురించి అడుగుతుంటారు. చేతిలో గూగుల్ స్కాలర్ (పరిశోధన పేపర్లు వెతికే గూగుల్ సైట్) స్క్రీన్‌షాట్ ఉంటుంది. "ఈ మేడమ్‌కి ఇన్ని వేల సైటేషన్లున్నాయండీ" అంటారు. సైటేషన్ అంటే ఒక పేపర్‌ను ఇంకో పేపర్ ప్రస్తావించడం. ఆ అంకెలో ఆవిడవి ఎన్నో, అదే పేరున్న మరొకరివి ఎన్నో చూడరు. స్క్రీన్‌షాట్‌ను లెక్కగా తీసుకోకూడదు.

ల్యాప్‌టాప్, నెట్, ఖాళీ ఎక్సెల్ షీట్ ఉంటే చాలు. ఫోన్‌లో మాత్రం చేయకండి. సంవత్సరం, పేపర్ పేరు, జర్నల్, రచయితల వరుస, డీఓఐ (ఒక్కో పేపర్‌కు ఉండే గుర్తింపు సంఖ్య), సైటేషన్లు అని గడులు పెట్టుకోండి. గూగుల్ స్కాలర్, పబ్‌మెడ్ (వైద్య, జీవశాస్త్ర పేపర్ల జాబితా), స్కోపస్ (పేపర్లు, సైటేషన్ల డేటాబేస్) మూడింట్లో పేరు వెతికి, దొరికినవన్నీ షీట్‌లో వేయండి.

ఇక అసలు పని: ఏ పేపర్ ఎవరిదో తేల్చడం. ఇక్కడ తొందరపడితే మిగతాదంతా వృథా.

మన పేర్ల సంగతి మీకు తెలిసిందే. పైడితల్లమ్మ పేరున పైడిరాజులు, సింహాచలం అప్పన్న పేరున అప్పలనాయుడులు, అరసవల్లి దేవుడి పేరున సూర్యనారాయణలు ఊరూరా ఉన్నారు. పైగా మనకు ఇంటిపేరు ముందు, జర్నళ్లకు చివర. దాంతో బి. అప్పలనాయుడు అనే ఒకే మనిషి ఒక పేపర్లో నాయుడు బి.ఎ., ఇంకోదాంట్లో అప్పలనాయుడు బి. అవుతాడు. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్నవాళ్ల పాత పేపర్లు వేరే ఖాతాలో ఉండిపోతాయి. పబ్‌మెడ్‌లో రచయితల పూర్తి పేర్లు 2002 నుంచే వస్తున్నాయి. అంతకు ముందువాటిలో ఇంటిపేరు, పొడి అక్షరాలే ఉంటాయి.

అందుకని ముందు, ఆ పరిశోధకుడు పనిచేసే సంస్థ పేజీలో ఉన్న ఒక పేపర్‌ను పట్టుకోండి. అక్కడి నుంచి సహరచయితలు, సంస్థ, విషయం చూస్తూ ఒక్కో పేపర్ కలపండి. ఈ మూడు గుర్తుల్లో రెండు కలిస్తే ఉంచండి. ఒక్కటే కలిస్తే పసుపు రంగు వేసి పక్కన పెట్టండి. విషయం ఒక్కదాన్నే చూసి దేన్నీ కొట్టేయకండి. ఈ రంగంలోకి ఇంజనీరింగ్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది. వాళ్ల పాత పేపర్లలో మెదడు మాటే ఉండకపోవచ్చు, అంతా సిగ్నల్ ప్రాసెసింగే. ఆర్కిడ్ నంబర్ (ఒక్కో పరిశోధకుడికి విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉంటే పని తేలికవుతుంది. అది 16 అంకెలది, 2012లో మొదలైంది. కానీ చాలామంది తీసుకుని ఖాళీగా వదిలేస్తారు కాబట్టి, ఆర్కిడ్‌లో లేదని పేపర్ తీసేయకండి.

కొందరు సాఫ్ట్‌వేర్‌తో ఆటోమేటిక్‌గా తేల్చేస్తామంటారు. మన పేర్ల విషయంలో నేను దాన్ని నమ్మను. ఒక్కో పేపర్ తెరిచి చూస్తే టైమ్ పడుతుంది, నిజమే. ఐదేళ్లు ఎవరి దగ్గర పనిచేయాలో తేల్చుకునే విషయంలో ఆ టైమ్ పెట్టాల్సిందే.

తర్వాత బయోఆర్కైవ్ అనే సైట్‌లో పెట్టిన ప్రీప్రింట్ (జర్నల్ పరిశీలనకు ముందే బయటపెట్టే ప్రతి), జర్నల్‌లో వచ్చిన పేపర్ ఒకటే అయితే ఒకే వరుసగా కలపండి.

హెచ్-ఇండెక్స్‌ను 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. కనీసం అన్నేసి సైటేషన్లున్న పేపర్లు ఎన్ని ఉన్నాయో చెప్పే అంకె అది. సైటేషన్లను పెద్ద నుంచి చిన్నకు పేర్చండి: 30, 12, 6, 4, 1. నాలుగో పేపర్‌కు 4 ఉన్నాయి, ఐదోదానికి 5 లేవు. కాబట్టి హెచ్-ఇండెక్స్ 4. మొదటిదానికి 30 బదులు 3000 ఉన్నా ఇది మారదు. అందుకే మొత్తం సైటేషన్లు కూడా పక్కన రాయాలి.

రివ్యూ పేపర్లకు (ఇతరుల పరిశోధనలను సమీక్షించేవి) సైటేషన్లు ఎక్కువ వస్తాయి, వాటిని విడిగా గుర్తించండి. ఈ రంగంలో సాధారణంగా మొదటి పేరు ప్రయోగం చేసినవారిది, చివరి పేరు ల్యాబ్ నడిపేవారిది. గైడ్ కోసం వెతికేవాళ్లు చివరి పేరుగా ఉన్న పేపర్లు, వాటిలో మొదటి పేరుగా ఉన్న విద్యార్థులను చూడండి.

షీట్ పైన తేదీ, ఏ డేటాబేస్ అన్నది రాయండి. థీసిస్‌లను, ప్రీప్రింట్లను కూడా లెక్కేస్తుంది కాబట్టి స్కాలర్ అంకె స్కోపస్ కంటే పెద్దగా ఉంటుంది. పసుపు వరుసలు ఇంకా మిగిలితే, ఆ సార్‌కో మేడమ్‌కో రెండు వాక్యాల మెయిల్ పెట్టి, ఆ పేపర్లు వారివేనా అని మర్యాదగా అడగండి.