చరిత్రలో ఈ రోజు: మూడో పాఠం (తేదీకి వారం కట్టడం, సంవత్సరం పేరు పట్టడం)

గత పాఠంలో 366 పేజీల తేదీల పుస్తకం గీసుకున్నాం. ఫిబ్రవరి 29కి కూడా ఒక పేజీ వదిలాం. ఆ పేజీల్లోకి సంఘటనలు ఎక్కించే ముందు ప్రతి తేదీని సరిచూడాలి. బడిలో ప్రార్థన వేళ చదివే వాక్యమైనా, గ్రంథాలయం గుమ్మం దగ్గర నల్లబల్ల మీద రాసే నాలుగు ముక్కలైనా, ఒకసారి తప్పు రాస్తే ఏటేటా అదే తప్పు మళ్లీ బల్లెక్కుతుంది. పిల్లలు దాన్నే నోటుపుస్తకంలో రాసుకుపోతారు. అందుకే ఈ పాఠం నిదానంగా చేయండి. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

మన ప్రాంతపు పుస్తకంలో తప్పనిసరిగా ఉండే తేదీతో మొదలుపెడదాం: 1757 జనవరి 24, బొబ్బిలి యుద్ధం. బుస్సీ నడిపిన ఫ్రెంచి సేన, విజయనగరం పెద విజయరామరాజు సేన కలిసి బొబ్బిలి కోట మీద పడిన రోజు. అది ఏ వారం?

వారం కట్టడానికి అయిదు అంకెలు కూడాలి. సంవత్సరంలో చివరి రెండంకెలు ఒకటి. వాటిని 4తో భాగిస్తే వచ్చేది రెండోది, శేషం వదిలేయాలి. మూడోది నెల అంకె, నాలుగోది తేదీ, అయిదోది శతాబ్దపు అంకె. నెల అంకెలు మూడేసి చొప్పున కంఠస్థం చేస్తే తేలిక: జనవరి నుంచి 0 3 3, ఏప్రిల్ నుంచి 6 1 4, జూలై నుంచి 6 2 5, అక్టోబర్ నుంచి 0 3 5. శతాబ్దపు అంకెలు: 1700లకు 4, 1800లకు 2, 1900లకు 0, 2000లకు 6. అన్నీ కూడి 7తో భాగించండి. శేషం 0 అయితే ఆదివారం, 1 అయితే సోమవారం, అలా 6 అయితే శనివారం.

ఇప్పుడు వేయండి. 57, దాన్ని 4తో భాగిస్తే 14, జనవరికి 0, తేదీ 24, 1700లకు 4. మొత్తం 99. ఏడు పద్నాలుగులు 98, శేషం 1. సోమవారం.

ఇందులో ఎక్కువమంది జారిపడేది లీపు సంవత్సరపు జనవరి, ఫిబ్రవరిల దగ్గర. ఆ రెండు నెలలకు మొత్తంలోంచి 1 తీసేయాలి. లీపు రోజు ఫిబ్రవరి చివర కలుస్తుంది గాని, 4తో భాగించినప్పుడు దాన్ని ఏడాది మొదట్లోనే లెక్కలో కలిపేసుకున్నాం. గిడుగు రామమూర్తి గారి వర్ధంతి 1940 జనవరి 22. 40, 10, 0, 22, 0 కలిపితే 72. అలాగే భాగిస్తే శేషం 2, మంగళవారం వస్తుంది. అది తప్పు. 1 తీసేస్తే 71, శేషం 1, సోమవారం. ఇదే సరైనది. 1700, 1800, 1900 లీపు సంవత్సరాలు కావని కూడా గుర్తుంచుకోండి. 2000 మాత్రం లీపు సంవత్సరమే.

వారం ఎందుకింత ముఖ్యమంటే, పాత ఉత్తరాల్లో, శిలాఫలకాల మీద, ఆహ్వాన పత్రికల్లో తేదీ పక్కన వారం ఉంటుంది. రెండూ కలిస్తే మీ తేదీ చాలావరకు గట్టిది. కలవకపోతే ఎక్కడో ఒక అంకె తప్పింది. సాధారణంగా తప్పేది సంవత్సరమే. ఒక ఏడాది ముందుకో వెనక్కో జరిపి చూడండి. వారం కలిసిందంటే దొంగ దొరికినట్టే, అయినా ఇంకో ఆధారంతో సరిచూశాకే రాయండి. తేదీ, నెల తారుమారయ్యే అవకాశం కూడా ఉంది. 10-7-1794 అని ఉంటే జూలై 10 కావచ్చు, అక్టోబర్ 7 కావచ్చు. అందుకే తేదీల పుస్తకంలో నెలను అంకెతో రాయకండి, పేరుతో రాయండి.

ఇక తెలుగు సంవత్సరం పేరు. ప్రభవ వచ్చిన ఏళ్లు 1687, 1747, 1807, 1867, 1927, 1987. మీ సంవత్సరానికి ముందున్న ప్రభవను తీసేసి, 1 కలపండి. వచ్చిన అంకె దగ్గర అరవై పేర్ల వరసలో ఏముందో చూడండి. గురజాడ అప్పారావు గారి జననం 1862 సెప్టెంబర్ 21. 1862లోంచి 1807 తీస్తే 55, ఒకటి కలిపితే 56. ఏభై ఆరోది దుందుభి. వారం కూడా కట్టి చూడండి, ఆదివారం వస్తుంది.

ఇక్కడి ఉచ్చు ఉగాది. జనవరి, ఫిబ్రవరి తేదీలు ఎప్పుడూ గడిచిన ఉగాది సంవత్సరానివే. బొబ్బిలి యుద్ధానికి 1757 వేస్తే పదకొండోది, ఈశ్వర వస్తుంది. అది తప్పు. 1756 వేయాలి: 1756లోంచి 1747 తీస్తే 9, ఒకటి కలిపితే 10, ధాత. శాలివాహన శకం కావాలంటే అదే 1756లోంచి 78 తీయండి, 1678. మార్చి, ఏప్రిల్ తేదీలకు మాత్రం ఆ ఏటి ఉగాది ఎప్పుడో చూశాకే పేరు రాయాలి.

తిథికి ఇంట్లో పాత పంచాంగాలుంటే ఒక సులువు ఉంది. పంతొమ్మిదేళ్లకోసారి అదే తేదీకి ఇంచుమించు అదే తిథి వస్తుంది. 1757కి 19 చొప్పున పద్నాలుగుసార్లు కలిపితే 2023. 2023 జనవరి 24న మాఘ శుద్ధ తదియ. పద్నాలుగు చక్రాలకి ఒక రోజు పైచిలుకు తేడా పడుతుంది కాబట్టి యుద్ధం నాటికి చవితి అటూఇటూ. బల్ల మీద ‘మాఘ శుద్ధం మొదటి వారం’ అని రాస్తే చాలు, కచ్చితమైన తిథి రాయొద్దు. ఇంత మాత్రం తెలిసినా పనికొస్తుంది. ఆ రాత్రి నెలవంక తొందరగానే అస్తమిస్తుంది. పండు వెన్నెల్లో యుద్ధం జరిగినట్టు బొమ్మ వేసిన పిల్లలకి ఆ సంగతి చెప్పవచ్చు.

1752కి ముందు తేదీ అయితే ఇంకో జాగ్రత్త. ఇంగ్లీషువాళ్లు 1752 సెప్టెంబర్ 2 మర్నాడు సెప్టెంబర్ 14 అని లెక్కపెట్టుకున్నారు. ఫ్రెంచివాళ్లు 1582లోనే మారిపోయారు. అంచేత 1752కి ముందు ఒకే సంఘటనకి ఇంగ్లీషు కాగితాల్లో ఒక తేదీ, ఫ్రెంచి కాగితాల్లో పదకొండు రోజుల (1700కి ముందైతే పది రోజుల) తర్వాతి తేదీ కనిపించవచ్చు. పైగా 1751 వరకు ఇంగ్లీషువాళ్లకి కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. జనవరి, ఫిబ్రవరి సంఘటనలు వాళ్ల కాగితాల్లో పాత సంవత్సరంలోనే పడి ఉంటాయి. బొబ్బిలికి ఈ చిక్కు లేదు, 1757 నాటికి ఇద్దరిదీ ఒకటే క్యాలెండర్.

రోజు ఎక్కడ మొదలవుతుందో కూడా చూడాలి. తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున 4.30కీ 5.30కీ మధ్య. మన క్యాలెండరులో గురువారం. పంచాంగానికి రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. ఆ రోజు అక్కడ పొద్దు పొడిచింది ఆరుకి పావుగంట ముందు. కాబట్టి పంచాంగం లెక్కలో అది ఇంకా బుధవారమే. అంతర్జాతీయ సమయంలో ఆ గంట అక్టోబర్ 10 రాత్రి 11 తర్వాత పడుతుంది. మూడూ నిజమే. పుస్తకంలో ఒకే పద్ధతి పెట్టుకోండి: అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి, భారత కాలమానం. రాత్రి జరిగినవాటికి గంట కూడా రాయండి.

ఇప్పుడు పేరు. విజయనగరం చరిత్రలో ఇద్దరు విజయరామరాజులు యుద్ధంతో ముడిపడి ఉన్నారు. పెద విజయరామరాజు 1757 నాటివారు. బొబ్బిలి పడిన కొద్ది రోజులకే తాండ్ర పాపారాయుడి చేతిలో హతమయ్యారు. చిన విజయరామరాజు 1794 జూలై 10న పద్మనాభం దగ్గర కంపెనీ సేనతో పోరాడి నేలకొరిగారు. ‘విజయరామరాజు’ అని ఊరుకుంటే రెండు పేజీలూ ఒకదాన్నొకటి పాడుచేస్తాయి. ‘పెద’, ‘చిన’ తప్పక రాయండి, పక్కన యుద్ధం పేరు కూడా. పాపారాయుడి సంఘటనకి ‘మూడో రాత్రి’ అని చెప్పుకుంటారు. యుద్ధం రోజుని కలుపుకుంటే ఒక తేదీ, వదిలేస్తే మరో తేదీ వస్తుంది. అలాంటిదాన్ని ఒక పేజీకి బిగించకండి. జనవరి 24 పేజీలోనే కింద ఒక వాక్యంగా రాయండి.

జిల్లా పేరు దగ్గర అప్పటిదీ ఇప్పటిదీ రెండూ రాయండి. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న ఏర్పడింది, విజయనగరం జిల్లా 1979 జూన్ 1న. ఆ మధ్య కాలంలో బొబ్బిలి శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకీ, రాజాం విజయనగరం జిల్లాలోకీ వెళ్లాయి. జిల్లాలకి ఉత్తర్వు తేదీ వేరు, అమలు తేదీ వేరు. మన పేజీకి కావాల్సింది అమలు తేదీ.

కొన్నిటికి పేజీయే ఉండదు. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం దసరా వెళ్లాక వచ్చే మంగళవారం. 2024లో అక్టోబర్ 15న, 2025లో అక్టోబర్ 7న జరిగింది. ఇలాంటివి పుస్తకం చివర వేరే కాగితం మీద పెట్టుకుని, ఏటా కొత్త పంచాంగం రాగానే ఆ ఏటి తేదీ పెన్సిలుతో రాయండి.

అభ్యాసం: గిడుగు వారి జయంతి 1863 ఆగస్టు 29, పద్మనాభ యుద్ధం 1794 జూలై 10, ఆదిభట్ల నారాయణదాసు గారి వర్ధంతి 1945 జనవరి 2. మూడింటికీ వారం, సంవత్సరం పేరు కట్టండి. మూడోదానిలో ఉగాది ఉచ్చు ఉంది, లీపు ఉచ్చు లేదు. జవాబులు: శనివారం, రుధిరోద్గారి, గురువారం, ఆనంద, మంగళవారం, తారణ.