ఇంజనీర్లకు శరీరధర్మశాస్త్రం – 4: ధమనుల్లో దాగిన ఆర్‌సీ సర్క్యూట్

గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని పంపుతుందని గత పాఠంలో లెక్క కట్టాం. కానీ ఆ రక్తం ఏకధారగా రాదు. కవాటం మూసుకున్నాక దాదాపు అర సెకను పాటు గుండె నుంచి బృహద్ధమనిలోకి చుక్క కూడా రాదు. మరి రక్తపోటు సున్నాకు ఎందుకు పడిపోదు?

సర్క్యూట్లు చదివిన మీకు జవాబు సగం తెలిసినట్టే. రక్తపోటు వోల్టేజీ, ప్రవాహం కరెంటు, కవాటం డయోడు. సాగే గుణమున్న పెద్ద ధమనులు కెపాసిటర్, వాటి చివర ఉండే సన్నటి ధమనికలు రెసిస్టర్. జర్మన్ శాస్త్రవేత్త ఒట్టో ఫ్రాంక్ 1899లోనే దీన్ని గణితంలో పెట్టారు.

ఇక స్ప్రెడ్‌షీట్ తెరవండి. ఒక్కో వరుస 0.01 సెకను. సూత్రం ఇది:

కొత్త పోటు = పాత పోటు + 0.01 × (వచ్చే ప్రవాహం − పాత పోటు ÷ రెసిస్టెన్స్) ÷ కెపాసిటెన్స్

పోటు మి.మీ. పాదరసంలో, ప్రవాహం సెకనుకు మిల్లీలీటర్లలో. రెసిస్టెన్స్ 1.1, కెపాసిటెన్స్ 1.5 పెట్టండి. ఒక్కో బీట్ 0.8 సెకన్లు, అందులో మొదటి 0.3 సెకన్లు ప్రవాహం 233, ఆ తర్వాత సున్నా. 80తో మొదలుపెట్టి పది బీట్లు నడిపితే పోటు 111, 82 మధ్య ఊగుతూ నిలకడకు వస్తుంది. ఆరోగ్యవంతుల రీడింగుకు ఎంత దగ్గరగా ఉందో చూడండి!

ఇప్పుడు కెపాసిటెన్స్‌ను 0.75కు తగ్గించాలి. అయితే ఎంటర్ నొక్కకముందే గ్రాఫ్ ఎలా మారుతుందో కాగితం మీద గీయండి. ఈ మెట్టు మాత్రం దాటేయకండి. ఒంటరిగా కంప్యూటర్ ముందు కూర్చుని చదివేటప్పుడు తెర మీద గీత కదలగానే అంతా అర్థమైనట్టే ఉంటుంది. మీ గీతకూ తెర మీది గీతకూ తేడా ఎక్కడ వచ్చిందో వెతికినప్పుడే విషయం ఒంటబడుతుంది.

ఫలితం: పైపోటు 126, కిందిపోటు 68.5. సగటు మాత్రం 96 దగ్గరే ఉంది, ఎందుకంటే రెసిస్టెన్స్ మారలేదు. వయసు మీద పడ్డవారిలో పైపోటు పెరిగి కిందిపోటు తగ్గడానికి ముఖ్య కారణం ఇదే: ధమనులు బిరుసెక్కుతాయి.

ఈ నమూనాకు హద్దులున్నాయి. ధమనుల కొమ్మల దగ్గర వెనక్కి తిరిగే అలలు ఇందులో లేవు. నిజమైన ధమని కెపాసిటెన్స్ కూడా పోటును బట్టి మారుతుంది.

అభ్యాసం: కెపాసిటెన్స్‌ను మళ్లీ 1.5 చేయండి. ధమనికల వ్యాసార్థం 10 శాతం తగ్గిందనుకోండి. రెసిస్టెన్స్ వ్యాసార్థపు నాలుగో ఘాతానికి విలోమంగా మారుతుంది. కొత్త విలువ కట్టి, ముందు గీసి, ఆ తర్వాతే నడపండి. శరీరం ఈ పెరుగుదలను ఎలా పసిగడుతుందో, ఫీడ్‌బ్యాక్‌తో ఎలా దించుతుందో ఐదో పాఠంలో.